రాకుమారికి రెండు మార్కులు

మధ్యాహ్నం మూడు కావస్తోంది. భోజనాల బల్ల మీద గిన్నెలు తీసేసి, ముప్ఫై నాలుగేళ్ళ కిందట తాము పనిచేసిన బొమ్మల సినిమా కాగితాలు పరుచుకున్నారు భార్యాభర్తలు. అందులో సవతి తల్లిని గీసింది ఆవిడ, రాకుమారిని గీసింది ఆయన. ఆ పాత సినిమాని శుభ్రం చేసి మళ్ళీ ఆడిస్తున్న మ్యూజియం వాళ్ళు, ఒక్కో పాత్రనీ అంచనా కట్టి, పదికి మార్కులు వేసి, ఇద్దరూ సంతకాలు చేసి ఇమ్మన్నారు. ఎక్కువ మార్కులొచ్చిన పాత్రనే పుస్తకం అట్ట మీద వేస్తారట. కాగితాలు పట్టుకెళ్ళడానికి నాలుగింటికి ఒక అమ్మాయి వస్తుంది. రాజు దగ్గరా బాతు దగ్గరా పేచీ రాలేదు. రాకుమారి దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి కుళ్ళు పుట్టుకొచ్చింది. పాత కుళ్ళే.

"రెండు."

"రెండేమిటి?"

"మార్కులు. పదికి రెండు. అవి కూడా జడ బాగుందని."

"ఇదేం అన్యాయమే? బాతుకి ఎనిమిదిచ్చావు."

"బాతు నవ్వించిందండీ. మీ రాకుమారి ఏం చేసింది? నా నిద్ర ఎవరో ఎత్తుకెళ్ళారని గంటన్నర సేపు మేడలన్నీ ఎక్కి దిగింది. ఎవరెత్తుకెళ్ళారో హాల్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు."

"కథ అదేగా. సవతి తల్లికి నిద్ర పట్టదు. పిల్ల నిద్ర దొంగిలించి దిండులో పెట్టి కుట్టేసుకుంటుంది. పిల్ల వెతుక్కోక ఏం చేస్తుంది?"

"కథ నాకు చెప్తున్నారా? ఆ దిండు కుట్టే సూదిని ఆడించింది నేను."

"కాదన్నానా? సరే, నీ సవతి తల్లికెంత వేశావు?"

"తొమ్మిది."

"ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించావు, దిష్టి తగులుతుందనా?"

"మొహమాటానికి."

"నన్నడిగితే ఆరు. గట్టిగా మాట్లాడితే ఐదున్నర."

"ఐదున్నరా?"

"మరి? సినిమా అంతా ఎడమ కనుబొమ్మ ఎగరేస్తూనే ఉంటుంది. కోపమొస్తే ఎగరేస్తుంది, సంతోషమొస్తే ఎగరేస్తుంది, పిల్ల ఊరికే గుమ్మంలోకొచ్చినా ఎగరేస్తుంది. ఎందుకో తెలుసా?"

"ఎందుకో?"

"ఇప్పుడు నువ్వు ఎగరేశావు చూడు, అందుకు."

"బల్ల మీద అద్దం ఉండేది కాబట్టి అందులో చూసుకుని గీశాను. అందరూ అలాగేగా గీసింది. మీసాల మాస్టారి రాజకుమారుణ్ణి చూడండి. ప్రేమించిన పిల్లని కాపాడ్డానికి వచ్చి, గుర్రం దిగుతూ నడుం పట్టుకుంటాడు. పాపం మాస్టారికి నడుం నొప్పి."

"వాడికెంతిచ్చాం?"

"నాలుగు. గుర్రానికి ఆరు."

"గుర్రం కన్నా తక్కువా?"

"గుర్రం కనీసం తలుపు తన్నింది. ఆయన తలుపు ముందు నిలబడి పాట పాడాడు. ఏ పాత్రని అడిగినా చెప్తానండీ, గీసినవాడి గుట్టు బొమ్మలో ఉంటుంది. రాజుగారు మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీస్తాడు, దాన్ని గీసినాయన మీటింగుల్లో అదే పని. బాతు తిండి దొరికితే అటూ ఇటూ చూసి మింగుతుంది. అది గీసినావిడ మధ్యాహ్నం డబ్బా ఎవరికీ చూపించేది కాదు."

"బాగానే పట్టావు. సరే, టైమవుతోంది. రాకుమారి సంగతి తేల్చు. రెండు అని రాస్తే నవ్వుతారే."

"అయితే నాకొక సంగతి చెప్పండి. రాకుమారి ఆలోచనలో పడినప్పుడల్లా బొటనవేలితో మిగతా వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటుంది. అది ఎవరి అలవాటు?"

"టీ పెట్టనా?"

"టీ తాగి అరగంటయింది. ఎవరి అలవాటు?"

"ఏదో పాత్రకి ఒక అలవాటుండాలని..."

"మీది కాదు. మీకు ఆలోచన వస్తే చెవి గోక్కుంటారు. ఇదిగో, గోక్కుంటున్నారు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"మొదలెట్టడానికి ఎప్పుడు ఆపాను గనక? ఆ పిల్ల రంగుల సెక్షన్లో కిటికీ పక్కన కూర్చునేది. ఎప్పుడు చూసినా వేళ్ళకి నీలం అంటుకుని ఉండేది. ఎవరైనా పిలిస్తే వేళ్ళు తుడుచుకుంటూ తలెత్తేది. అందరూ నీలివేళ్ళు, నీలివేళ్ళు అని ముద్దుగా పిలిచేవారు. గుర్తుందా?"

"ఉంది."

"ఉండకేం చేస్తుంది."

"ఎన్నిసార్లు చెప్తావే ఇదే కథ?"

"ఎన్నిసార్లడిగినా మీరు ఒక్కసారీ చెప్పలేదు కాబట్టి. మంగళవారాలూ శుక్రవారాలూ సాయంత్రం పనుందని వెళ్ళేవారు. నాకప్పుడు ఆరో నెల. ఒక శుక్రవారం మీ వెనకే ఆ పిల్ల ఇంటిదాకా వచ్చాను. మూడు సందులు తిరిగాను ఆ బరువుతో."

"వచ్చావు. కిటికీలోంచి చూశావు."

"చూశాను. కిటికీ కింది సగానికి తెర కట్టి ఉంది, మొహాలే కనిపించాయి. వాళ్ళమ్మ అటు మూల గోడకానుకుని కూర్చుని ఉంది. ఆ పిల్ల తల వంచుకుంది. మీరు పక్కన కూర్చుని, కళ్ళు కిందికి దించి ఆ పిల్ల చేతుల వంకే చూస్తున్నారు. రెప్ప కూడా వెయ్యలేదు. పెళ్ళై అన్నేళ్ళయింది, నా చేతుల వంక ఎప్పుడైనా అలా చూశారా?"

"చూడలేదు."

"ఇంటికొచ్చాక అడిగాను, ఆ పిల్లంటే మీకిష్టమా అని. ఏమన్నారో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"ఏమీ అన్లేదు. కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. పెరుగుందా అన్నారు."

"ఆకలేసింది మరి."

"అక్కడ సవతి తల్లిని గీస్తూ, ఇక్కడ నాకు సవతే వచ్చి కూర్చుందని ఏడ్చుకున్నాను. సినిమా విడుదలయ్యాక ఇంకా నరకం. ఏ పుస్తకం తెరిచినా మీ రాకుమారే. సబ్బు కొంటే దాని మీద ఆ మొహం, పిల్లకి స్కూలు సంచీ కొంటే దాని మీద ఆ మొహం. మన పిల్ల నాలుగేళ్ళప్పుడు ఆ సినిమా చూసి వేళ్ళు తుడుచుకోవడం నేర్చుకుంది. గుర్తుందా? అన్నం ముందు కూర్చుని ఒక్కో వేలూ తుడుచుకునేది. నేను చేతి మీద ఛెళ్ళున ఒకటి వేశాను. ఎందుకు కొట్టానో దానికి ఈ రోజుకీ తెలీదు."

"నాకు తెలుసు."

"తెలిసి ఊరుకున్నారు. అదే నా బాధ."

"రాకుమారికి ఏడు వెయ్యి. నీ సవతి తల్లికి తొమ్మిదే ఉంచు. అట్ట మీద నీ బొమ్మే వేసుకోనీ. నాకేం పట్టింపు లేదు."

"నిజంగానా?"

"నిజంగానే. సంతకం పెట్టు, అయిపోతుంది."

"ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారంటే ఏదో ఉంది. పొద్దున మ్యూజియం పిల్ల ఫోన్ చేసినప్పుడు విన్నారు కదూ?"

"ఏం ఫోను?"

"మొదటి ఆట రోజున స్టేజి మీద పెద్ద కాగితం కడతారట. నన్ను సవతి తల్లిని గీయమన్నారు, మిమ్మల్ని రాకుమారిని. జనం చూస్తుండగా. మెట్ల సీనులో రాకుమారి కావాలిట, అదే అందరికీ గుర్తుంది కాబట్టి."

"ఏం చెప్పావు?"

"గీస్తారని చెప్పాను."

"ఎవరినడిగి చెప్పావు?"

"ఎవర్నడగాలి? ఇరవయ్యేళ్ళు కాలేజీలో పిల్లలకి బొమ్మలు నేర్పిన మనిషి. రాకుమారి మాస్టారు అనేగా మిమ్మల్ని పిలిచేది."

"నా చెయ్యి వణుకుతోందే."

"నిన్న సూదిలో దారం ఎక్కించి చొక్కా గుండీ కుట్టుకున్నారు."

"అది వేరు."

"ఏం వేరు? గుండీకి వణకని చెయ్యి నా ఎదురుగా ఆ పిల్లని గీయాలంటే వణుకుతోంది."

"ఫోన్ చేసి కుదరదని చెప్పు."

"చెప్పను. ఇదిగో పెన్సిలు. ఈ కాగితం వెనక ఖాళీగా ఉంది. ఇక్కడే గీయండి. ఒక్క బొమ్మ."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆ మెట్ల సీనే. సవతి తల్లి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. ఆవిడ తల కింద దిండు. పిల్ల మెట్లు దిగి వచ్చి చెయ్యి చాపింది. లాగితే చాలు, తన నిద్ర తనకొచ్చేస్తుంది. లాగలేదు. ఆగింది. వేళ్ళు తుడుచుకుంది. పన్నెండు సెకన్లు. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. ఆ పక్కన నేను గీసిన సవతి తల్లి గుర్రు పెడుతోంది, ఆవిణ్ణి చూసినవాడు లేడు."

"బాగా గుర్తుపెట్టుకున్నావు."

"నేనూ ఏడ్చాను మరి. ఏడుస్తూనే మిమ్మల్ని తిట్టుకున్నాను. గుండెలో అంత ప్రేమ లేకపోతే ఏ మగాడైనా అలా గీయగలడా అనుకున్నాను. గీయండి. ఏమీ అనను. చూస్తాను, అంతే. చూసి, పదీ వేసి సంతకం పెడతాను."

"గీయలేను."

"నా ముందు గీయలేరు."

"ఎవరి ముందూ గీయలేను. రాదు."

"ఏం రాదు?"

"రాకుమారి. రాకుమారి నాకు రాదు. అప్పుడూ రాలేదు."

"వేళాకోళాలొద్దు."

"వేళాకోళం కాదే. నాకిచ్చారు ఆ పాత్ర. గీశాను. డైరెక్టరుగారు మొదటిసారి చూసి ఇది మనిషి కాదు, సబ్బుపెట్టె మీద బొమ్మ అన్నారు. రెండోసారి చింపేశారు. మూడోసారి, సోమవారం లోపల రాకపోతే ఇంకొకళ్ళకిస్తాను, నువ్వు మేఘాలు గీసుకో అన్నారు. నువ్వప్పటికే సవతి తల్లితో బిల్డింగంతా పేరు తెచ్చుకున్నావు. నాకు నీ మీద ఎంత కుళ్ళుగా ఉండేదో నీకు తెలీదు."

"నా మీదా?"

"నీ మీదే. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కనుబొమ్మ ఎగరేసేదానివి, మర్నాడది తెర మీద నడిచేది. నేను రాత్రింబగళ్ళు కూర్చున్నా నా పిల్ల కొయ్యలా నిలబడేది. ఆ శనివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్ళారు. నేను బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాను. నీలివేళ్ళు ఏదో రంగు అడగడానికి వచ్చింది. బొమ్మ చూసింది. నా అద్దంలో తన మొహం చూసుకుంది. నా పెన్సిలు తీసుకుని నా బొమ్మ మీదే నాలుగు గీతలు గీసింది."

"నాలుగు గీతలు."

"నాలుగే. కొయ్యబొమ్మ ఊపిరి తీసుకుంది."

"తర్వాత?"

"సోమవారం డైరెక్టరుగారు నా భుజం తట్టారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత అన్నీ తనే."

"అన్నీ అంటే?"

"ముఖ్యమైన బొమ్మలన్నీ. మంగళవారం, శుక్రవారం. వాళ్ళింటికి కాగితాలు పట్టుకెళ్ళేవాణ్ణి. తను గీసేది. ఆ బొమ్మకీ ఈ బొమ్మకీ నడుమ కదలికలు నేను నింపి నంబర్లు వేసుకునేవాణ్ణి. నువ్వు చూసిన రోజు తల వంచుకుంది అందుకే. తెర అడ్డమొచ్చి నీకు కాగితం కనపడలేదు. నేను చూస్తున్నది చేతుల్ని కాదే, గీతని. ఎలా వస్తోందో పట్టుకుందామని. పట్టుకోలేకపోయాను."

"మెట్ల సీను?"

"అది నేను ముట్టుకోలేదు. ఒక్క గీతా నాది కాదు. అద్దం ఎదురుగా పెట్టుకుని, తన వేళ్ళు తనే తుడుచుకుని, ఆగి, గీసి, మళ్ళీ తుడుచుకుని... నువ్వే అన్నావుగా ఇందాక, గీసినవాళ్ళ గుట్టు బొమ్మలో ఉంటుందని."

"నాకెందుకు తట్టలేదండీ? బాతులో దాన్ని గీసినావిణ్ణి పట్టాను. నడుం నొప్పి పట్టాను. ఆ వేళ్ళు చూసి మాత్రం మీ కళ్ళనుకున్నాను. ఆ పిల్ల చెయ్యి అనుకోలేదు."

"నీకు తట్టకూడదని రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి."

"మరి నేనడిగినప్పుడు?"

"నువ్వడిగింది వేరేగా. ఇష్టమా అనడిగావు. కాదంటే, మరెందుకెళ్తున్నారు అంటావు. అప్పుడిది చెప్పాలి."

"ఇది చెప్పడానికి బదులు అది ఒప్పుకున్నట్టు ఊరుకున్నారు. నన్ను ముప్ఫై నాలుగేళ్ళు కాల్చుకు తిన్నారు."

"నువ్వు నన్ను చెడ్డవాడనుకుంటే భరించగలననిపించింది. చేతకానివాడనుకుంటే భరించలేననిపించింది. అప్పట్లో అంతే ఆలోచించాను. ఆ తర్వాత అవార్డిచ్చారు, కాలేజీలో ఉద్యోగమిచ్చారు, ఇంక నోరు పెగల్లేదు."

"ఆ పిల్లకి ఏమొరిగింది?"

"గీయడం ఇష్టమంది. రంగుల్లోంచి బొమ్మల సెక్షన్లోకి మార్పించమని అడిగింది. డైరెక్టరుగారితో చెప్తానన్నాను."

"చెప్పారా?"

"సినిమా అయ్యాక చెబుదామనుకున్నాను."

"చెప్పారా?"

"ఈలోపలే మానేసింది. మొదటి ఆట మా అందరితో కలిసే చూసింది. ఆట మొదలవకముందు ఎంత సంబరంగా ఉందో. అయ్యేసరికి సీట్లో లేదు. మర్నాటి నుంచి పనికి రాలేదు. వారం తర్వాత వాళ్ళింటికెళ్తే తాళం వేసి ఉంది. నేను చెప్పలేదని తనకప్పటికి ఇంకా తెలీదు. మరెందుకెళ్ళిపోయిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఏమే? ఏదో ఒకటి అను. తిట్టు."

"ప్రేమించానని చెప్పినా బాగుండేది."

"అదేం మాట?"

"ప్రేమకేముందండీ? కళ్ళు బాగున్నాయని ప్రేమిస్తారు, జడ బాగుందని ప్రేమిస్తారు. దానికి కుళ్ళుకోవచ్చు, మొగుణ్ణి సాధించవచ్చు, ఆ సాధింపులోనే ముసలిదాన్నైపోవచ్చు. నేను చేసిందదే. ఆ బిల్డింగులో నన్ను మించి గీసేవాళ్ళు లేరనుకున్నానండీ. రాకుమారి నా సవతి తల్లి కన్నా బాగుందని నాకు మొదటి రోజే తెలుసు. మీరు నాకన్నా గొప్పవారని ఒప్పుకోలేక, ప్రేమ గీయించిందని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఆ ప్రేమ కూడా లేదంటున్నారు. ఒట్టి చెయ్యి. రంగులు పూసే పిల్ల చెయ్యి."

"నీ తొమ్మిది ఎక్కడికీ పోదే."

"ఊరుకోండి. ఎంతయింది టైము?"

"పది నిమిషాలు తక్కువ నాలుగు."

"రాయండి మరి. రాకుమారికి పది."

"పదా? అట్ట మీద అదే వస్తుంది."

"రానీండి. సవతి తల్లికి ఎనిమిది చెయ్యండి. బాతు పక్కన కూర్చుంటుంది, పర్వాలేదు."

"మరి 'గీసినవారు' అన్న చోట నా పేరు అచ్చు వేసి ఉంది."

"కొట్టేస్తారా?"

"కొట్టేస్తాను. కాలేజీ వాళ్ళేమంటారో, మన పిల్ల ఏమంటుందో... అననీ. నా చేత్తో నేనే కొట్టేస్తాను. చూడు. కొట్టేశాను."

"ఇప్పుడు ఆ పిల్ల పేరు రాయండి."

"నీలివేళ్ళు అని రాయనా?"

"అది పేరా? అసలు పేరు రాయండి. ఎక్కడుందో ఏమో, ఎప్పుడైనా ఈ పుస్తకం చేతికొస్తే తన పేరు తను చూసుకోవద్దూ?"

"అసలు పేరు..."

"ఊఁ."

"తెలీదే."

"తెలీదా? ఏడాది పాటు వాళ్ళింట్లో కూర్చున్నారు."

"అందరూ అలాగే పిలిచేవారు. వాళ్ళమ్మ పాప అనేది. నేను ఎప్పుడూ అడగలేదు. ఉండు, సినిమా చివర పేర్లు వస్తాయిగా. రంగుల సెక్షన్ వాళ్ళ పేర్లు ఒక్కటి వదలకుండా వేశారు. మ్యూజియం వాళ్ళిచ్చిన డిస్కులో చూస్తే పోలా."

"అక్కర్లేదు. నాకు తెలుసు. ఇంటిపేరుతో సహా."

"నీకెలా తెలుసు? ఆ సెక్షన్ గుమ్మం కూడా తొక్కేదానివి కాదుగా."

"మీరు రాసుకోండి, చెప్తాను."

"తప్పు పోతే బాగుండదే. ఒకసారి సినిమాలో చూసి..."

"సినిమాలో ఉండదండీ."

"ఎందుకుండదు? అందరివీ ఉన్నాయి."

"ఆ పేర్లు అట్టల మీద రాసింది నేను. రంగుల సెక్షన్లో పద్దెనిమిది పేర్లిచ్చారు. పదిహేడే రాశాను."